సైన్స్‌కి పీసీ దానం చేస్తే కరెంటు బిల్లు ఎంతైంది? నెల రోజుల రివ్యూ

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, కనిపిస్తోందా? మా ఇంటి కరెంటు బిల్లు. అంతకుముందు నెల 182 యూనిట్లు, ఈ నెల 342. చలికాలం, ఇంట్లో ఏసీ ముట్టుకున్నోళ్ళే లేరు. నాన్న ఈ కాగితం పట్టుకుని నేరుగా పైకొచ్చి "ఏంరా, ఏసీ ఎయ్యలే, గీజర్ కూడా పొద్దున ఒక్కపూటే, గింత బిల్లేంది?" అన్నాడు. నేను మెల్లగా టేబుల్ కింద గుయ్యిమంటున్న సీపీయూ వైపు చూశా. అక్కడ దొరికిపోయా.

సరే, విషయానికొస్తా. చాలామంది కామెంట్లలో అడుగుతున్నారు కదా, బోయింక్ (రకరకాల సైన్స్ ప్రాజెక్టుల లెక్కల్ని మన పీసీలో నడిపే సాఫ్ట్‌వేర్), ఫోల్డింగ్ ఎట్ హోమ్ లాంటివి ఇన్‌స్టాల్ చేస్తే మన పీసీ ఖాళీగా ఉన్నప్పుడు సైంటిస్టుల లెక్కలు చేసి పెడుతుందంట, ఫ్రీయేనా అని. సాఫ్ట్‌వేర్ ఫ్రీయే అండి. కరెంటు మాత్రం మనదే.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తా. 1999లో బర్క్లీ వాళ్ళు సెటీ ఎట్ హోమ్ అని మొదలుపెట్టారు, గ్రహాంతరవాసుల సిగ్నల్ ఏమైనా దొరుకుతుందేమో అని టెలిస్కోప్ డేటాని ముక్కలు ముక్కలు చేసి జనాల ఇళ్ళల్లో కంప్యూటర్లకి పంపేవాళ్ళు, 2020 మార్చిలో పంపడం ఆపేశారు. ఫోల్డింగ్ ఎట్ హోమ్ ఏమో ప్రొటీన్లు ఎలా ముడుచుకుంటాయో చూసేది, ఇది 2000 నుంచి ఉంది, కరోనా టైంలో దీనికి జనం ఎగబడ్డారు. నాకు బాగా నచ్చేది ఐన్‌స్టీన్ ఎట్ హోమ్, బోయింక్‌లో నడిచేదే. 2010లో అయోవాలో ఒక జంట కంప్యూటరు, జర్మనీలో ఒకాయన కంప్యూటరు కలిసి ఒక కొత్త పల్సర్‌ని, అంటే గిర్రున తిరుగుతూ రేడియో సిగ్నల్ పంపే చచ్చిపోయిన నక్షత్రాన్ని, పట్టేశాయి, ఇంట్లో ఊరికే తిరుగుతున్న మెషీన్లు! అది చదివే నేనూ పీసీ వదిలేశా, ఇరవైనాలుగు గంటలూ, నెలంతా.

ఇప్పుడు అసలు కొలతలు. నాది రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డ్. గోడకి, పీసీ ప్లగ్‌కి మధ్యలో ఈ స్మార్ట్ ప్లగ్ పెట్టా, ఎన్ని వాట్లు లాగుతోందో ఫోన్‌లో చూపిస్తుంది. ఊరికే ఆన్‌లో ఉంటే 55 వాట్లు. బోయింక్‌కి ప్రాసెసర్ మొత్తం ఇచ్చేస్తే 130. ఫోల్డింగ్‌కి గ్రాఫిక్స్ కార్డ్ ఇస్తే 240, రెండూ కలిపి పెడితే 305 దాకా పోయింది, అది రెండు రోజులే చేశా, గది మొత్తం వేడి. నెలంతా నడిపింది 240 మీద. రోజుకి 5.76 యూనిట్లు, నెలకి 173 అనుకోండి, మామూలుగా నేను వాడే టైం తీసేస్తే కొత్తగా పడ్డది 160 యూనిట్లు.

నేను చేసిన తప్పు ఇక్కడే. మా ఇంటికి చివర్లో పడే రేటు యూనిట్‌కి 4.80, కాబట్టి 160 ఇంటూ 4.80, 768 రూపాయలు, పర్లేదులే, రెండు బిర్యానీలు మానేస్తే సరి అనుకున్నా. కానీ తెలంగాణలో 200 యూనిట్లు దాటామా, మొత్తం కథ మారిపోతుంది. దాటక ముందు మొదటి వంద 3.40, తర్వాతి వంద 4.80. దాటితే ఆ మొదటి రెండొందలు కూడా 5.10 చొప్పున మళ్ళీ లెక్కేస్తారు, ఆపైన వంద యూనిట్లకి ఒక్కోదానికి 7.70, 300 దాటాక 9. అంటే 200 దగ్గర ఎనర్జీ చార్జీ 820, 201 దగ్గర 1027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కి రెండొందల పైన! నాకు 734 రావాల్సింది 2168 అయింది, కస్టమర్ చార్జీలూ అవీ కలపకుండానే. తేడా 1434, యూనిట్ దాదాపు 9 రూపాయలు పడ్డట్టు. ఇంక గృహజ్యోతి జీరో బిల్లు వచ్చే ఇళ్ళైతే, 200 దాటిన నెల మొత్తం బిల్లు మీరే కట్టాలి, జాగ్రత్త.

ఆంధ్రలో బిల్లు ఇలా ఒక్కసారిగా ఎగరదు, ఏ స్లాబ్ యూనిట్లకి ఆ రేటే, కానీ 225 దాటాక 8.75, 400 దాటాక 9.75, ట్రూఅప్ అని పాత లోటు పూడ్చుకోడానికి వేసే చార్జీలు వేరే. కాబట్టి యావరేజ్ రేటు చూసుకోకండి, దానం యూనిట్లు కలిపాక మీ చివరి యూనిట్లు ఏ రేటులో పడుతున్నాయో, తెలంగాణ అయితే 200 దాటుతున్నారా లేదా, అది చూసుకోండి.

ఎండాకాలం ఇంకో దెబ్బ. పీసీ తినే కరెంటంతా చివరికి వేడే కదా, ఆ వేడిని మళ్ళీ ఏసీ బయటికి తోయాలి, దానికి మళ్ళీ కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో నేనైతే ముట్టుకోను. అమెరికాలో ఎడిసన్‌లో ఉండే మా బావకి మాత్రం ఉల్టా, ఆయన గదిలో కరెంటు హీటర్, పీసీ ఎంత వేడి ఇస్తే హీటర్ అంత తక్కువ తిరుగుతుంది, చలికాలం ఆయనకి దాదాపు ఫ్రీ. గ్యాస్ హీటింగ్ ఉన్నోళ్ళకి ఈ లెక్క కుదరదు.

అటక మీద పాత పీసీ పడుంది, అది పెడదాం అని ఒకరు అడిగారు. వద్దు బాస్. పదేళ్ళ నాటి డెస్క్‌టాప్ వంద వాట్లు తాగి, కొత్త మెషీన్ గంటలో చేసే పనికి సగం పూట తీసుకుంటుంది. దానికన్నా పాత ఆండ్రాయిడ్ ఫోన్ మేలు, ఐదు వాట్లు అనుకున్నా నెలకి 3.6 యూనిట్లే. బ్యాటరీ ఉబ్బిన ఫోన్ మాత్రం పెట్టొద్దు దండం పెడతా.

ఇప్పుడు నేనేం చేస్తున్నా అంటే, గ్రాఫిక్స్ కార్డ్ పవర్ లిమిట్ 170 నుంచి 120 వాట్లకి దించా. ప్లగ్ దగ్గర 240 కాస్తా 185 అయింది, చేసిన పనికి ఫోల్డింగ్ వాళ్ళిచ్చే పాయింట్లేమో పదో వంతు కూడా తగ్గలేదు, ఫ్యాన్ సౌండ్ కూడా పోయింది, ఇది ముందే చేసుండాల్సింది. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకే, రాత్రికి ఒకటిన్నర యూనిట్. 182కీ 200కీ మధ్య నాకున్న జాగా 18 యూనిట్లు, అందుకని నెలకి పది రాత్రులు, ఖర్చు 71 రూపాయలు. ఫోల్డింగ్ ఆపేటప్పుడు పాజ్ కాదు, ఫినిష్ నొక్కండి, చేతిలో ఉన్న పని పూర్తిచేసి పంపేసి ఆగుతుంది, పాజ్‌లో ఉండగా గడువు దాటిందా, అదే పని ఇంకొకరికి పోతుంది, మీ కరెంటు బూడిదలో పోసినట్టే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి వెళ్ళిందా, వెంటనే ఆపేయండి, ఫోల్డింగ్‌కి ఆ తేడా తెలీదు, బ్యాటరీ అంతా పీల్చేస్తుంది, ఒకసారి ఫ్యాన్ ఆగిపోయి అమ్మ లేచి కూర్చుంది.

నా రేటింగ్? పవర్ లిమిట్ పెట్టి, స్లాబ్ లోపల అయితే పదికి ఎనిమిది. నెలంతా ఫుల్ స్పీడ్ అయితే మూడు, ఆ మూడూ పల్సర్ కోసం.

రీడింగ్ తీసే అబ్బాయి సోమవారం వస్తాడు. స్మార్ట్ ప్లగ్ ప్రకారం నాకింకా నాలుగున్నర యూనిట్లు మిగిలాయి, అంటే మూడు రాత్రులు. టైం పదైంది, వెళ్ళి ఆన్ చేస్తా. బై.