చెరువుకు ఎగువన, చెరువుకు దిగువన: పర్యావరణ చట్టాలు, చిన్న పరిశ్రమలు

శ్రోతలకు నమస్కారం.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళ మధ్య నడుస్తుంటే, మగ్గం చప్పుడు వినబడకముందే దండేల మీద ఆరేసిన రంగు నూలు కనిపిస్తుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాకు ఆ ఎరుపును, ఆ నీలాన్ని ఇచ్చేది అద్దకమే. అయితే నూలు పీల్చుకోగా తొట్టిలో మిగిలిన రంగునీళ్ళు ఎక్కడికి పోతాయి? ఏ ఊళ్ళోనైనా ఒక చిన్న అద్దకపు కార్ఖానా నీళ్ళను శుద్ధి చేయకుండా వదిలితే, అవి మోరీలోకి, మోరీ నుంచి నాలాలోకి, నాలా నుంచి చెరువులోకి చేరుతాయి. కాకతీయుల కాలం నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళే కింది చెరువును నింపుతాయి కాబట్టి, ఒకచోట కలిసిన రంగు అక్కడే ఆగదు.

నేను ఇరవై ఏళ్ళకు పైగా చిన్న కార్ఖానాలకు లెక్కలు రాస్తూ, అనుమతుల కోసం వాటి యజమానుల తరఫున దరఖాస్తులు నింపుతూ వస్తున్నాను. మా నాన్నగారు చెరువు కింద రెండెకరాలు సాగు చేసిన రైతు. అందువల్ల పర్యావరణ చట్టాల మాట వచ్చినప్పుడల్లా చెరువుకు ఎగువన ఉన్న చిన్న యజమాని, దిగువన ఉన్న చిన్న రైతు ఇద్దరూ నాకు గుర్తుకొస్తారు. ఈ చట్టాలు చిన్న పరిశ్రమను బతకనివ్వడం లేదనేవారు దిగువ రైతును లెక్కలోకి తీసుకోవడం లేదు. పాటించలేనివారు మూసుకోవాలనేవారు ఎగువ యజమాని లెక్కల పుస్తకాన్ని ఎన్నడూ తెరిచి చూడలేదు.

మన దేశంలో నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనూ, గాలి కాలుష్య నివారణ చట్టం 1981లోనూ వచ్చాయి. 1984 నాటి భోపాల్ విషవాయు దుర్ఘటన తర్వాత, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. వీటి కింద కాలుష్యానికి అవకాశమున్న పరిశ్రమ ఏదైనా కట్టడానికి ముందు ఒకటి, నడపడానికి ముందు మరొకటి చొప్పున రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నుంచి అనుమతులు తీసుకోవాలి. 2016లో కేంద్ర మండలి పరిశ్రమలను కాలుష్య తీవ్రతను బట్టి ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు అని నాలుగు రంగులుగా విడదీసింది. తెలుపు కిందికి వచ్చేవారు సమాచారం ఇస్తే సరిపోతుంది. ఈ వర్గీకరణను ఆ తర్వాత సవరించారు కాబట్టి, తమ యూనిట్ ఇప్పుడు ఏ రంగు కిందికి వస్తుందో ప్రతి యజమానీ ముందుగా తెలుసుకోవడం మంచిది. తెలుపులో ఉండి కూడా ఏళ్ళ తరబడి భయపడుతూ బతికినవారినీ, నారింజలో ఉన్నామని తెలియక చిక్కుల్లో పడ్డవారినీ నేను చూశాను.

నీటి చట్టంలో చిన్నవారికి పనికొచ్చే ఒక మాట ఉంది, అది చాలామందికి తెలియదు. 25వ సెక్షన్ ప్రకారం అన్ని వివరాలతో పూర్తి చేసిన దరఖాస్తు అందిన నాలుగు నెలల్లో మండలి అవునని గాని కాదని గాని చెప్పకపోతే, అనుమతి ఇచ్చినట్టుగానే భావించాలి. అందుకే దరఖాస్తు అందినట్టు ఇచ్చిన రసీదును, దాని మీది తేదీని పదిలంగా దాచుకోవాలి. అదే చట్టంలోని 33ఎ సెక్షన్ కింద పరిశ్రమను మూయించడానికి, కరెంటు సరఫరాను ఆపించడానికి కూడా మండలికి అధికారం ఉంది. నాకు తెలిసిన ఒక మిల్లు యజమాని అనుమతి గడువు తీరిన సంగతి గమనించుకోలేదు. సరిగ్గా వడ్లు వచ్చే కాలంలో మిల్లుకు కరెంటు పోయింది. పెద్ద కంపెనీకి ఒక యంత్రం ఆగితే మరొకటి నడుస్తుంది, ఈయనకు ఉన్నది ఒక్క మిల్లే. మిల్లు ఆగినా బ్యాంకు వాయిదా ఆగలేదు, హమాలీలకు ఇచ్చిన అడ్వాన్సు తిరిగి రాలేదు.

అసలు భారం అనుమతి రుసుములో లేదు, శుద్ధి చేసే ఏర్పాటులో ఉంది. రంగునీళ్ళను శుద్ధి చేయాలంటే నీళ్ళు నిలవడానికి తొట్లు, మడ్డిని విడదీయడానికి రసాయనాలు, పంపులు, వాటిని నడిపించే మనిషి, నమూనాల పరీక్షలు, చివరికి మిగిలిన మడ్డిని భద్రంగా పారబోసే చోటు అన్నీ కావాలి. రోజుకు వెయ్యి కిలోల నూలుకు రంగు వేసే చోటైనా, యాభై కిలోలకు వేసే చోటైనా ఈ సరంజామాలో చాలా భాగం ఒకటే. పెద్ద కార్ఖానా ఈ ఖర్చును వెయ్యి కిలోల మీద పంచుకుంటుంది, చిన్న కార్ఖానా యాభై కిలోల మీద మోస్తుంది. ఒకే నియమం ఇద్దరి మీదా ఒకే బరువుగా పడకపోవడానికి కారణం ఇదే.

దీనికి నియమాన్ని సడలించడం మందు కాదని నా గట్టి నమ్మకం. తమిళనాడులోని తిరుప్పూరులో అద్దకపు నీళ్ళు నొయ్యల్ నదిలో కలిసి దిగువ సాగును దెబ్బతీశాయి. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి అద్దకపు యూనిట్లన్నింటినీ మూయించింది. ఏళ్ళ తరబడి చూసీచూడనట్టు వదిలేసినందుకు ఒక్క రోజులో వేలమంది పనిపోయింది. కావలసింది ఉమ్మడి శుద్ధి కేంద్రం. పది, ఇరవై యూనిట్ల నీళ్ళను ఒకే చోట శుద్ధి చేసే ఇటువంటి కేంద్రాలకు చేయూతగా 1991లోనే కేంద్ర ప్రభుత్వ పథకం వచ్చింది. జీడిమెట్లలో, పటాన్‌చెరులో అటువంటి కేంద్రాలున్నాయి. శుద్ధి కేంద్రం కట్టినంత మాత్రాన నీళ్ళు బాగుపడవని పటాన్‌చెరు దగ్గర నక్కవాగు రైతులు దశాబ్దాల పాటు పడ్డ బాధ చెబుతుంది. దాన్ని రోజూ నడపాలి, నడుస్తున్నదో లేదో దిగువ ఊరివాళ్ళు చూడగలగాలి. గీసుగొండ, సంగెం మండలాల సరిహద్దులో కాకతీయ మెగా జౌళి పార్కు రూపుదిద్దుకుంటున్న ఈ రోజుల్లో, సిరిసిల్లలోనూ వరంగల్ నగరంలోనూ ఉన్న పాత చిన్న అద్దకాలకు కూడా ఆ ఉమ్మడి వసతి అందుబాటులోకి రావాలని నా కోరిక.

చిన్నవారిని దెబ్బతీసేది ఖర్చు ఒక్కటే కాదు, సమాచారం అందకపోవడం కూడా. క్యాన్సర్ కారకాలుగా విడిపోయే కొన్ని అజో రంగులను 1997లో మన దేశం నిషేధించింది. పెద్ద మిల్లులు రంగుతో పాటు దాని ధ్రువపత్రాన్ని కూడా తెప్పించుకుంటాయి. బజారులో పొట్లంగా కట్టిచ్చే విడి రంగు కొనే మనిషికి అందులో ఏముందో ఎలా తెలుస్తుంది? ఆ రంగును రోజూ చేతులతో కలిపేదీ ఆయనే.

ఇక ఉప్పుడు బియ్యం మిల్లుల సంగతి. కరీంనగర్, పెద్దపల్లి ప్రాంతాల వారికి వడ్లు నానబెట్టిన నీళ్ళ పులిసిన వాసన, దండెం మీది బట్టల మీద వాలే ఊక బూడిద రెండూ తెలుసు. క్వింటాలు వడ్లకు సుమారు 20 కిలోల ఊక వస్తుంది, అదే బాయిలర్‌కు ఇంధనమవుతుంది. పొగగొట్టం దగ్గర ధూళిని పట్టే పరికరం పెట్టి, బూడిదను తడిపి కప్పి ఉంచితే బస్తీవాళ్ళతో తగాదాలో చాలా భాగం తీరుతుంది. ఇది చిన్న మిల్లు కూడా భరించగలిగిన పనే కాబట్టి ఇక్కడ సాకులు చెప్పడం సరికాదు.

బూడిద అంటే రామగుండం గుర్తుకొస్తుంది. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. 2,600 మెగావాట్ల రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రమూ, భూపాలపల్లి దగ్గర చెల్పూరు కేంద్రమూ గుట్టలుగా ఉత్పత్తి చేసేది దాన్నే. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు చేసేవారు మట్టిలో కనీసం 25 శాతం బూడిద కలపాలని 1999లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు మన బట్టీలవాళ్ళు కష్టపడ్డారు, ఎందుకంటే బూడిదను మోసుకొచ్చే కిరాయి వాళ్ళ నెత్తిన పడింది. 2016లో ఆ పరిధిని 300 కిలోమీటర్లకు పెంచుతూనే, వంద కిలోమీటర్ల వరకు రవాణా ఖర్చంతా థర్మల్ కేంద్రమే భరించాలని, ఆపైన చెరిసగం పంచుకోవాలని మార్చారు. 2021 డిసెంబరు ఉత్తర్వుతో, గడువులోగా వాడకం కాని బూడిదకు టన్నుకు 1,000 రూపాయల చొప్పున పరిహారం కట్టవలసింది కూడా థర్మల్ కేంద్రమే. భారం మోయగలిగినవారి భుజానికి మారిన తర్వాత బూడిద ఇటుకల యూనిట్ ఒక చిన్న వ్యాపారంగా నిలదొక్కుకోగలిగింది. చట్టం కఠినంగానే ఉంది, బరువును ఎవరు మోయాలన్నది మాత్రమే మారింది.

ప్లాస్టిక్ విషయంలో ఆ మార్పు ఇంకా చివరి మనిషి దాకా రాలేదు. 2021 నాటి నిబంధనలు చేతిసంచుల మందాన్ని 50 మైక్రాన్ల నుంచి 75కు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి పెంచాయి. కవర్లు కిలోల లెక్కన అమ్ముతారు. మందం రెట్టింపు దాటితే కిలోకు వచ్చే కవర్ల సంఖ్య సగానికంటే తగ్గుతుంది, ఆ తేడాను భరించేది బండి మీద కూరగాయలు అమ్మే అమ్మ. తనిఖీ కూడా సాధారణంగా బండి దగ్గరే జరుగుతుంది, పలుచని కవరు తయారైన చోట జరగదు. తనిఖీ తయారీ దగ్గర మొదలైతే బండి దగ్గర ఆ అవసరమే చాలావరకు ఉండదు.

2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు నిషేధంలో ఉన్నాయి. ములుగు, ఏటూరునాగారం అడవుల పక్కన మోదుగు ఆకు ఏరి విస్తర్లు కుట్టే ఆడవాళ్ళకు ఇది పెద్ద అవకాశం కావలసింది, కాని లోపల ప్లాస్టిక్ పొర ఉన్న కాగితపు ప్లేటు ఆ చోటును ఆక్రమించింది. మోదుగు ఆకు వేసవి మొదట్లో చిగురిస్తుంది, మేడారం జాతర మాఘమాసంలో వస్తుంది. ఆ మధ్య నెలల్లో ఆకును ఆరబెట్టి పురుగు పట్టకుండా నిల్వ చేయడానికి ఒక గోదాము, కుట్టిన విస్తరికి ఆకారమిచ్చే ప్రెస్ మిషన్, కనీసం ఆరు నెలల ముందుగా చేతికందే కొనుగోలు ఆర్డరు ఉంటే, జాతరలో భోజనం పెట్టే ప్రతి సంస్థా విస్తరాకులోనే వడ్డించవచ్చు. ఆర్డరు జాతరకు నెల ముందు ఇస్తే, అడవిలో అప్పటికి ఏరడానికి లేత ఆకు ఉండదు.

సెలవు. నమస్కారం.