టార్చ్‌లైటు గొట్టం కూడా తీగే

నమస్కారం. పాత ఇనుప, ఇత్తడి టార్చ్‌లైట్లు పోగుచేసేవాళ్ల నోట తరచూ వినే మాట ఒకటుంది: "కొత్త సెల్లు వేశాను, బల్బు మంచిదే, అయినా వెలగట్లేదు. స్విచ్ పోయినట్టుంది." ఆ వెంటనే స్విచ్ రివెట్లు ఊడబెరుకుతారు. యాభై అరవై ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్న రివెట్లవి! ఒకసారి ఊడాయంటే మళ్లీ ఆ తీరుగా కూర్చోవు. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే చాలాసార్లు తప్పు స్విచ్‌ది కాదు, ఎవరూ అనుమానించని గొట్టానిది.

పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారనుకోండి. ఒకడు సెల్లు, ఒకడు బల్బు, ఒకడు స్విచ్, ఇంకొకడు వెనక మూతలోని స్ప్రింగు. కరెంటు తిరగాలంటే ఎక్కడా చెయ్యి వదలకూడదు. అయితే స్ప్రింగు ఉన్నది ఈ చివర, బల్బు ఉన్నది ఆ చివర. వాడి చెయ్యి వీడికి అందదు. మధ్యలో పొడుగు చేతులవాడు ఒకడు ఉండి తీరాలి. చాలా లోహపు టార్చ్‌లలో ఆ పొడుగు చేతులవాడు గొట్టమే. సెల్లు పెట్టుకునే డబ్బా అని మనం అనుకునేది నిజానికి సగం వైరింగు.

ఇదిగో, దగ్గరగా చూపిస్తాను. ఇత్తడి మీద నికెల్ పూత వేసిన రెండు సెల్లుల టార్చ్. వెనక మూత తిప్పి తీశాను. గొట్టం అంచు చూడండి, మూత బిగించే మరల మధ్య ఆకుపచ్చగా పట్టింది, అది చిలుము. మూత లోపల స్ప్రింగు మొదట్లో కూడా ఉంది. ఇద్దరు పిల్లలు చేతులు పట్టుకునే ఉన్నారు, కానీ మధ్యలో ఎండిన బురద.

కొంచెమే కదా అనిపిస్తుంది. లెక్క చూడండి. ఇందులో వేసే పీఆర్2 బల్బు 2.38 వోల్టులది, అర ఆంపియర్ తీసుకుంటుంది. దారిలో ఒక్క ఓమ్ నిరోధం అడ్డుపడితే దాదాపు అర వోల్టు అక్కడే పోతుంది. ఫిలమెంట్ బల్బుకి వోల్టేజి ఐదో వంతు తగ్గితే వెలుగు ఐదో వంతు కాదు, ఇంచుమించు సగం తగ్గుతుంది. "పాత టార్చ్‌లు మసక మసకగానే వెలుగుతాయి" అనేవాళ్లు చూస్తున్నది చాలాసార్లు ఈ బురదనే.

స్విచ్ విప్పే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మూత తీసేసి, స్విచ్ ఆన్ చేసి, సెల్లుల్ని ముందుకు నొక్కి పట్టుకుని, చివరి సెల్లు అడుగు నుంచి గొట్టం అంచు దాకా ఒక తీగ ముక్క ఆనించండి. అంచు మీద కొద్దిగా గీకి మెరిసే చోట ఆనాలి. అంటే మూత, స్ప్రింగుల బదులు కొత్త పిల్లాణ్ణి నిలబెట్టామన్నమాట. వెలిగిందా, స్విచ్ జోలికి వెళ్లకండి. మూత, మరలు శుభ్రం చేస్తే చాలు.

ఇప్పుడు అల్యూమినియం సంగతి. 1979లో ఆంథనీ మాగ్లికా తెచ్చిన మాగ్‌లైట్, అంతకు ముందే ఉన్న కెల్‌లైట్ లాంటి బరువైన టార్చ్‌లు ఈ కోవలోవి. మాగ్‌లైట్ నలుపు రంగు పెయింటు కాదు. ఆనోడైజింగ్, అంటే అల్యూమినియం మీదే పెంచిన గట్టి ఆక్సైడు పొర. ఆ పొరలోంచి కరెంటు పోదు. మన పిల్లాడు గ్లౌజులు తొడుక్కున్నాడు. అందుకే కరెంటు మారాల్సిన చోట, అంటే గొట్టం అంచున, మూతలో స్ప్రింగు ఆనే చోట, ఆ పొర లేకుండా లోహం తెల్లగా కనిపిస్తుంది. అక్కడ రంగు పోయిందనుకుని పెయింటు వేసేవాళ్లున్నారు, దయచేసి వేయకండి! అలాగే అందం కోసం ఒంటి మీది పొరని సాండ్ పేపర్‌తో తీసేయకండి. కరెంటుకి దాంతో ఒరిగేదేమీ లేదు, టార్చ్ అసలు రూపం మాత్రం శాశ్వతంగా పోతుంది. గీతలుంటే ఉండనివ్వండి, నాకైతే అవే ఇష్టం.

గొట్టానికి ఈ పని మొదటి నుంచీ లేదు. 1899లో డేవిడ్ మిసెల్ అమెరికాలో పేటెంటు పొందిన టార్చ్ గొట్టం కాగితం, ఫైబరుతో చేసింది. అప్పటి సెల్లు ఎక్కువసేపు నిలకడగా కరెంటు ఇవ్వలేకపోయేవి, ఒక్క మెరుపు మెరిపించి ఆపాలి. ఇంగ్లీషులో ఫ్లాష్‌లైట్ అన్న పేరు అందుకే వచ్చిందంటారు. తర్వాత గొట్టాలు లోహానికి మారాయి. కొన్నిటి లోపల అట్ట చుట్ట కనిపిస్తుంది. అది చెత్త కాదు, పారేయకండి. సెల్లు పక్క గొట్టానికి తగలకుండా పెట్టింది.

టైమ్ దగ్గరపడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను. సెల్లు కారిపోయి ఉంటే అది ఏ రకమో ముందు చూడండి. ఆల్కలైన్ అయితే కారింది క్షారం, కొద్దిగా వెనిగర్ అద్దిన గుడ్డతో తుడవాలి. పాత జింక్ కార్బన్ సెల్లయితే ఆమ్ల గుణం, వంటసోడా నీళ్లు వాడాలి. ఏది వాడినా తడి గుడ్డతో మళ్లీ తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. ఆల్కలైన్ క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి అక్కడ ఆలస్యం పనికిరాదు. ఇరుక్కున్న సెల్లుని వేడిచేసి, డ్రిల్ పెట్టి తీయడం ప్రమాదం.

బల్బు సెల్లుల లెక్కకి సరిపోవాలి. రెండిటికి పీఆర్2, మూడిటికి పీఆర్3. మూడు సెల్లుల టార్చ్‌లో పీఆర్2 వేస్తే మాడిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు చాలా రకాల్లో ఒక వైపు నుంచే చెయ్యి అందుకుంటుంది, కాబట్టి ప్లస్, మైనస్ చూసుకోండి.

ఇంకొకటి. పాత ఫిలమెంట్ బల్బు మాగ్‌లైట్ కొనేటప్పుడు వెనక మూత తీసి స్ప్రింగు లోపల చూడండి. అక్కడ స్పేర్ బల్బు పెట్టుకునే చోటు ఉంటుంది. కంపెనీ పెట్టినది ఇంకా కదలకుండా కూర్చుని ఉంటే, నేనైతే బేరం కూడా ఆడను.