కడిగినా తగ్గని కోడి వెనకభాగం: ఫారం నుంచి కాపాడి తెచ్చిన కోళ్ల కోసం

అందరికీ నమస్కారం.

లేయర్ ఫారాల (గుడ్ల కోసం కోళ్లను పెంచే ఫారాల) నుంచి కాపాడి తెచ్చిన కోళ్లను చూసుకునేవాళ్లు తరచూ ఒకే బాధ చెబుతారు. "కోడి వెనకభాగం కడుగుతున్నాం, మందు రాస్తున్నాం. నాలుగు రోజులు బాగుంటుంది. మళ్లీ తడి, వాసన, ఎర్రబడిన చర్మం." వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మళ్లీ కడిగే ముందు అక్కడ ఎందుకు తడుస్తోందో వెతకండి.

కోడికి రెట్ట, మూత్రం, గుడ్డు మూడూ ఒకే ద్వారం నుంచి వస్తాయి. అందుకే లోపల ఎక్కడ తేడా వచ్చినా ముందు బయటపడేది అక్కడే. పైగా ఇవి ఏడాదికి 300 దాకా గుడ్లు పెట్టేలా తయారుచేసిన జాతులు. ఒక్క గుడ్డు పెంకుకే దాదాపు 2 గ్రాముల కాల్షియం పోతుంది. మన చేతికి వచ్చేసరికి గుడ్డు మార్గం బాగా అలసిపోయి ఉంటుంది. తోలుగుడ్డు (పెంకు గట్టిపడని గుడ్డు) లోపలే చితికి సొన కారినా, ద్వారం వదులై సరిగా మూసుకోకపోయినా ఈకలు ఎప్పుడూ తడిగానే ఉంటాయి. రెట్టలో తెల్లగా కనిపించే యూరేట్లు (కోడి మూత్రంలోని గట్టి వ్యర్థం) ఆ తడిలో అంటుకుపోయి చర్మం ఒరుసుకుపోయేలా చేస్తాయి. పైన ఎంత క్రీమ్ రాసినా ఈ కారణం పోదు.

పేలు, మైట్లు (రక్తం తాగే సన్నటి పురుగులు) ఉన్నాయేమో తప్పకుండా చూడాలి. టార్చి వెలుతురులో ద్వారం చుట్టూ ఈకలు విడదీయండి. ఈక మొదట్లో తెల్లగా గుత్తులు కట్టి ఉంటే అవి పేల గుడ్లు. ఈకలు నల్లగా మురికిపట్టి, సన్నటి పురుగులు చేతి మీదికి పాకితే మైట్లు. ఎర్ర మైట్లు మాత్రం సాధారణంగా పగలు కోడి మీద దొరకవు. గూటి చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. కాబట్టి చీకటి పడ్డాక కోళ్లు కూర్చునే కర్ర అడుగున కూడా చూడండి. ఫారాల్లో చాలా కోళ్లకు ముక్కు కొన కత్తిరిస్తారు. ముక్కు సరిగా లేని కోడి ఈకలు శుభ్రం చేసుకోలేదు, అందుకే దాని మీద మైట్లు ఎక్కువగా పెరుగుతాయి. మందు పురుగును చంపినా దాని గుడ్లను వదిలేస్తుంది. వారం, పది రోజులకు రెండోసారి వేయకపోతే మొదటిసారి పడ్డ శ్రమ వృథా. గూటికీ అదే రోజు మందు కొట్టాలి. మందు వేశాక ఆ కోడి పెట్టిన గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో డాక్టరును అడగండి.

పుల్లటి వాసనతో తెల్లటి జిగురు కారుతుంటే ఈస్ట్ (ఒక రకం శిలీంధ్రం) ఇన్ఫెక్షన్ కావచ్చు. ఇక్కడ తొందరపడి యాంటీబయాటిక్ మొదలుపెట్టడం నాకు బాధ కలిగించే విషయం. ఈస్ట్ మీద అది పనిచేయదు. పేగుల్లోని మంచి బాక్టీరియా కూడా పోయి ఈస్ట్ ఇంకా పెరగొచ్చు. కారే జిగురును పరీక్ష చేయించి, ఈస్ట్ అని తేలితే దానికి తగిన మందే అడగండి. బూజుపట్టిన మేత, పాచిపట్టిన నీళ్ల గిన్నె ఉంటే వెంటనే తీసేయండి.

కడగాల్సి వస్తే గోరువెచ్చని నీళ్లు వాడండి. ఎండిన రెట్టను పీకొద్దు, నానబెట్టండి. గట్టిపడిన ఈకలను కత్తిరించండి, కానీ రక్తం ఉన్న కొత్త ఈక కాడల జోలికి పోవద్దు. పూర్తిగా ఆరాకే బయటికి వదలాలి. వేడి రోజుల్లో తడి చర్మం మీద ఈగలు గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి. ఆ కాలంలో రోజుకు రెండుసార్లు చూడాలి.

ఎర్రటి చర్మం కనిపిస్తే తోటి కోళ్లు పొడుస్తాయి. పుండు మానేదాకా దాన్ని విడిగా ఉంచండి, కానీ మిగతావి కనిపించేలా. లేకపోతే తిరిగి కలిపినప్పుడు కొత్త కోడి వచ్చినట్టు దాని మీద పడతాయి. విరిగిన ఈక కాడలు ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా అలాగే ఉంటాయి. బోడిగా ఉన్నంత మాత్రాన జబ్బు అనుకుని మందులు మార్చకండి.

ఇవన్నీ చేసినా తడి ఆగకపోతే పొట్ట తడిమి చూడండి. నీళ్ల సంచిలా ఉబ్బి, కోడి నిటారుగా నిలబడి వగరుస్తుంటే లోపల గుడ్డు మార్గమే పాడై ఉండవచ్చు. అదే రోజు పక్షుల వైద్యం తెలిసిన డాక్టరుకు చూపించండి. కొంతకాలం గుడ్లు ఆపే హార్మోన్ ఇంప్లాంట్ (చర్మం కింద పెట్టే మందు) ఆ కోడికి పనికొస్తుందేమో అడగండి. కృత్రిమ వెలుతురు వేసి గుడ్లు పెంచే పని మాత్రం ఈ కోళ్లకు ఎప్పుడూ చేయకండి.