బీటా రిపోర్టు: 120 అంటే ఎంత?

[తెర మీద ఫోను. ల్యాబ్ సందేశం: బీటా హెచ్‌సీజీ – 120]

ఐవీఎఫ్‌లో పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టాక రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపారు. ఈ రోజు రిపోర్టు వచ్చింది. వెంటనే ఫోన్లు మొదలు. “ఎంత వచ్చింది? మా తోటికోడలికి 400 వచ్చింది!” ఎంసెట్ ర్యాంకు అడిగినట్టే అడుగుతారు.

కానీ ఇది ర్యాంకు కాదు. పిండం గర్భాశయపు గోడకు అతుక్కున్నాక, ముందు ముందు మాయగా మారే కణాలు విడుదల చేసే హెచ్‌సీజీ అనే హార్మోన్ రక్తంలో ఎంత ఉందో చెప్పే అంకె ఇది. సాధారణంగా 5 కంటే తక్కువైతే గర్భం లేదని, 25 దాటితే ఉందని అంటారు. మధ్యలో ఉంటే మళ్లీ పరీక్షే. తోటికోడలు పిండాన్ని ప్రవేశపెట్టిన 14వ రోజున రక్తం ఇచ్చి ఉండవచ్చు, మీరు 10వ రోజునే ఇచ్చి ఉండవచ్చు. ఇక పోలిక ఎక్కడిది? అంకె పెద్దదైనంత మాత్రాన కవలలని చెప్పలేం. ఆ మాట స్కానింగే చెప్పాలి.

[తెర మీద: 120 → 48 గంటలు → 210]

చూడవలసింది రెండో అంకె. 120 కాస్తా 210 అయింది. “రెట్టింపు కాలేదు” అని ఇంట్లో ఏడుపులు. నిజానికి ఇది 75 శాతం పెరుగుదల. మొదటి అంకె 1500 లోపు ఉన్నప్పుడు, రెండు రోజుల్లో కనీసం 49 శాతం పెరగాలన్నది వైద్యులు చూసే హద్దు. అంకె పెద్దదయ్యే కొద్దీ వేగం తగ్గుతుంది. గర్భం 8 నుంచి 11 వారాల మధ్య ఉన్నప్పుడు శిఖరానికి చేరి, తర్వాత తగ్గుతుంది కూడా. రెండు పరీక్షలూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. యంత్రం మారితే అంకె మారవచ్చు.

ఇంట్లో స్ట్రిప్ పరీక్ష తొందర మాత్రం వద్దు. అండాలు తీయడానికి ముందు ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్ చాలాసార్లు ఈ హెచ్‌సీజీయే. అది ఒంట్లో పది రోజులకు పైగా మిగిలి, లేని గర్భానికి రెండు గీతలు చూపించగలదు. గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టిరాన్ మందులు వాడుతుంటే నెలసరి ఆలస్యం కావచ్చు, దాన్నీ గుర్తుగా తీసుకోకండి. అలాగని నెగటివ్ వచ్చిందనుకుని ఆ మందులను సొంతంగా ఆపవద్దు.

[తెర మీద: గర్భాశయం, ఫాలోపియన్ ట్యూబుల బొమ్మ]

అంకె నెమ్మదిగా పెరిగితే గర్భం నిలవకపోవచ్చు, లేదా ట్యూబులో అతుక్కుని ఉండవచ్చు. “గర్భాశయంలోనే కదా పెట్టారు, ట్యూబులోకి ఎలా వెళుతుంది?” అని చాలామంది అడుగుతారు. పిండం అతుక్కునే ముందు కదులుతుంది, అందుకే ఐవీఎఫ్‌లోనూ అలా జరుగుతుంది. కాబట్టి కడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, భుజం దగ్గర నొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏది ఉన్నా, అంకె ఎంతైనా, రెండో రిపోర్టు కోసం ఆగకండి. అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి వెళ్లండి.