కోశాధికారి జ్ఞాపకశక్తి చాలదు

శ్రోతలకు నమస్కారం.

సేవా సంస్థ లెక్కల్లో తేడా వస్తే ఎవరో తినేశారనే అనుకుంటారు. చాలాసార్లు ఎవరూ తినరు, ఎవరూ రాయరు, అంతే. ‘అన్నీ నాకు గుర్తున్నాయి’ అనే కోశాధికారి ఉంటారు చూడండి, ఎంత నిజాయితీపరుడైనా నాకు ఆయనంటేనే టెన్షన్. ఆయన ఊరు మారితే లెక్కలన్నీ ఆయనతోపాటే వెళ్లిపోతాయి.

రసీదు పుస్తకమే చూడండి. పేరు తప్పు పడగానే ఆ కాగితం చింపి పారేస్తాం. రేపు ఆడిటర్ చూస్తే 46 ఉంటుంది, 48 ఉంటుంది, 47 ఉండదు. దాని మీద డబ్బు వసూలైందా? మూడేళ్ల తర్వాత ఎవరు చెప్పగలరు? తప్పు పడితే అడ్డంగా గీత కొట్టి ‘రద్దు’ అని రాసి, అసలూ నకలూ రెండూ పుస్తకంలోనే ఉంచండి.

ఖర్చుకు బిల్లు, దాంతోపాటు వోచర్. ఎందుకు ఖర్చయింది, ఎవరు అనుమతించారు అన్నది వోచర్ మీదే ఉండాలి. మెషిన్ నుంచి వచ్చే నున్నటి బిల్లుల మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి. అందుకే అదే రోజు జిరాక్స్ తీసి జతచేయండి. నెలకోసారి క్యాష్ బుక్కును బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడాలి. రాసిన మనిషి కాకుండా వేరొకరు చూడాలి. ఇది అనుమానం కాదు, రాసినవారికే రక్షణ.

పిల్లల పుస్తకాలకని ఇచ్చిన విరాళాన్ని ‘వచ్చే నెల సర్దుదాంలే’ అని అద్దెకు కట్టేస్తే అక్కడే కాకిలెక్కలు మొదలవుతాయి. దానికి వేరే బ్యాంకు ఖాతా లేకపోయినా, పద్దులవారీగా లెక్కలు రాసే లెడ్జర్‌లో వేరే పేజీ ఉండాలి. దుప్పట్లు, కంప్యూటర్ల లాంటి వస్తువులొస్తే స్టాక్ రిజిస్టరులో ఎక్కించాలి.

సమావేశాల వివరాలు రాసే మినిట్స్ పుస్తకంలో ఉపన్యాసాలు అక్కర్లేదు. ఎవరు వచ్చారు, ఏం తీర్మానించారు, ఎంత మొత్తానికి, ఎవరి బాధ్యత అన్నవి చాలు. కాదన్నవారి పేరూ రాయండి, మొహమాటపడకండి.

కంప్యూటర్‌లోని లెక్కలకు మూడు కాపీలుండాలి. వాటిని రెండు రకాల చోట్ల దాచి, ఒకటి ఆఫీసు బయట పెట్టాలి. సాయం పొందినవారి ఆరోగ్య వివరాలు మాత్రం వాట్సాప్ గ్రూపులో తిరగకూడదు. వోచర్లు ఎన్నేళ్లు దాచాలో ఒక్కోచోట చట్టం ఒక్కోలా చెబుతుంది. నమోదు పత్రం, నియమావళి, మినిట్స్, ఆస్తి కాగితాలు మాత్రం ఎప్పటికీ పారేయకండి.

కార్యవర్గం మారినప్పుడు ఏమేం అప్పగించారో జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. బీరువా తాళాలతోపాటు సంస్థ ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా అందులో చేరాలి. ఆ ఈమెయిల్ పాత కార్యదర్శి సొంత ఫోన్ నంబరుతో ముడిపడి ఉంటే, ఆయన ఎదురుగా ఉండగానే ఆ నంబరు మార్పించుకోండి. సెలవు.