నా గిన్నె నాతోనే పగలగొట్టించారు

అందరికీ నమస్తే అండీ. విజయవాడ వచ్చి నాలుగు రోజులైనా సూట్‌కేసు ఇంకా సర్దబుద్ధి కాలేదు. మా అక్క పెళ్ళికి వెళ్ళొచ్చాను. మా జర్మనీ అక్క.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం చెప్తాను. పదహారేళ్ళప్పుడు స్టూడెంట్ ఎక్స్‌ఛేంజ్‌లో వెళ్ళి, ఫ్రైబుర్గ్ దగ్గర ఓ పల్లెలో, ఒక కుటుంబం ఇంట్లో ఏడాదిపాటు ఉన్నాను. నన్ను ఉంచుకున్నందుకు వాళ్ళు పైసా తీసుకోలేదు. భాష రాదు, చలి, ఇంటిమీద బెంగ. ఓ రాత్రి నాకు జ్వరమొస్తే ఆ ఇంటి అమ్మ నా మంచం పక్కన కుర్చీలో తెల్లారేదాకా కూర్చుంది. అది విన్నప్పటినుంచీ మా అమ్మకి ఆవిడ ‘వదినగారు’. తొమ్మిదేళ్ళయింది, పిలుపు మారలేదు.

పెళ్ళి కబురు రాగానే అమ్మ నన్ను వన్‌టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టుకి తీసుకెళ్ళింది. పెద్ద కంచం ఎంచి, పేర్లు కొట్టే ఆయన ముందు పెట్టింది.

‘‘ఎవరి పెళ్ళమ్మా?’’

‘‘మా పెద్దమ్మాయిది.’’

నేను మాట్లాడలేదండీ. మిషన్ టకటకమంటుంటే చుక్కచుక్కగా వధూవరుల పేర్లు పడ్డాయి. కింద, ‘అమ్మానాన్నల దీవెనలతో, విజయవాడ’.

షెంగెన్ వీసాకి వాళ్ళు పంపిన ఆహ్వాన పత్రం జతచేశాను. గోంగూర పచ్చడి గట్టిగా ప్యాక్ చేయించాను. నెయ్యి మాత్రం ఇంట్లోనే ఆగిపోయింది, బయటినుంచి వచ్చేవాళ్ళు పాల పదార్థాలూ మాంసమూ యూరప్‌లోకి తేకూడదు.

ఇక పెళ్ళి ముందురోజు సాయంత్రం. పోల్టర్‌ఆబెంట్ అంటారు. ఊళ్ళోవాళ్ళంతా పాత పింగాణీ పళ్ళేలు, మట్టి కుండలు పట్టుకొచ్చి వాకిట్లో బళ్ళున పగలగొడతారు. గాజు మాత్రం పగలకూడదు, అరిష్టమట. అక్కడ ఏడు, ఇక్కడ పదిన్నర. సరిగ్గా అప్పుడే అమ్మ వీడియో కాల్.

‘‘అయ్యయ్యో, శుభమా అని పెళ్ళి పెట్టుకుని ఆ పగలగొట్టడమేంటే!’’

ఆ చప్పుడుకి చెడు పారిపోతుందని వాళ్ళ నమ్మకమమ్మా అన్నాను.

‘‘ఓహో, దిష్టి తీస్తున్నారా! అలా చెప్పు. గట్టిగా కొట్టమను.’’

మనం గుమ్మడికాయ కొట్టమూ? అమ్మకి వెంటనే అందింది.

అంతలో జర్మనీ అమ్మ గుడ్డలో చుట్టిన గిన్నె ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది. నీలం పూలు, అంచు దగ్గర చిన్న పెచ్చు. ఆ ఏడాదంతా నేను పెరుగన్నం తిన్న గిన్నె! ఆ పెచ్చు లేపింది కూడా నేనే, గిన్నె కడుగుతూ. ‘‘ఇది నువ్వే వెయ్యాలి, దీనికోసమే దాచాను’’ అంది. చేతులు వణికాయండీ. కానీ అక్క మంచికోసం కదా, ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. పెంకులన్నీ పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కలిసి ఊడవాలి, అది ఆచారం. అక్క చీపురు పట్టింది, బావ చేట పట్టాడు. నీలం పెంకు ఒకటి గడ్డిలోకి ఎగిరితే బావ వంగి వెతికి మరీ తీశాడు. ఆ అబ్బాయి మీద నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

పెళ్ళి రిజిస్ట్రార్ ముందు. 1876 నుంచీ అక్కడ చట్టానికి చెల్లేది ఆ పెళ్ళే. ఆ తర్వాత చర్చి. చర్చి బయట ఇద్దరూ చెరోవైపు రంపం పట్టుకుని దుంగ కోశారు, కాపురంలో బరువు ఇద్దరూ మొయ్యాలని.

విందులో నా పేరు రాసిన కార్డు ఇంటివాళ్ళ బల్లమీదే పెట్టారు. కేకు కోశాక అక్క మొదటి ముక్క మన స్టీలు కంచంలో పెట్టించుకుంది. వాళ్ళ నాన్నకి ఆ ఏడాది రాత్రిళ్ళు భోజనాలయ్యాక తెలుగు అక్షరాలు నేర్పేదాన్ని. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, కంచం దగ్గరికి లాక్కుని, అక్షరాలమీద వేలు పెట్టారు.

‘‘వి... జ... య...’’

ఆగి నావైపు చూశారు. ‘వా’ అన్నాను.

‘డ’ ఆయనే అన్నారు.