ఫోటో కింద తేదీ రాయండి

అందరికీ నమస్కారం. ఈ వన్యప్రాణి ఫోటోల కార్యక్రమం పోస్టర్ మీద పులి బొమ్మ వేశారు. బాగుంది కానీ ముందే చెప్పేస్తున్నాను, నా దగ్గర పులి ఫోటో ఒక్కటీ లేదు. కన్హాకో, రణథంబోర్‌కో వెళ్లి పులుల ఫోటోలు తీసుకొచ్చినవాళ్లు మన ఊళ్లోనే బోలెడుమంది ఉన్నారు, వాళ్ల ఫోటోలు చూస్తే నాకూ ముచ్చటేస్తుంది. నేను మాత్రం ఉద్యోగం చేసినన్నాళ్లూ, రిటైరయ్యాక కూడా విశాఖ చుట్టుపక్కలే తిరిగాను. మాకు స్టీలు ప్లాంటులో మధ్యాహ్నం షిఫ్టు రెండింటికి మొదలయ్యేది కాబట్టి ఆ వారమంతా పొద్దుటిపూట నాది. చీకటితో స్కూటర్ తీస్తే తొమ్మిదిన్నరకల్లా ఇంటికొచ్చి, స్నానం చేసి, తిని, కాస్త నడుం వాల్చి డ్యూటీకి వెళ్లిపోవచ్చు. ఆ వ్యవధిలో ఎంత దూరం పోయి రాగలనో అదే నా అడవి. ఇంట్లోవాళ్లు దీన్ని పిచ్చి అనేవారు, ఇప్పుడు హాబీ అంటున్నారు, అంతే తేడా.

ఇన్నేళ్ల తర్వాత నా బీరువా తెరిస్తే ఒక విషయం అర్థమైంది. అప్పట్లో పోటీలకి పంపడానికి ఏరుకున్న అందమైన ఫోటోల్ని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. అడుగుతున్నవి వేరే. ఫలానా చెరువు ఇరవయ్యేళ్ల క్రితం ఎలా ఉండేది, ఫలానా కొండ మీద చెట్లు ఎంత దట్టంగా ఉండేవి, ఈ పిట్ట ఇక్కడికి ఏ నెలలో వచ్చేది, ఇవీ అడిగేవాళ్లకి కావాల్సినవి. అంటే పక్కన పడేసిన మామూలు ఫోటోలే పనికొస్తున్నాయి, అదీ వెనకాల తేదీ, చోటు రాసి ఉన్నవి మాత్రమే. ఈరోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీని చుట్టూ కబుర్లే.

ముందు అందరూ అడిగే ప్రశ్న, ఏ కెమెరా కొనాలి? మీ దగ్గర ఉన్నది చాలు. పిట్టలు తీయాలని గట్టిగా ఉంటే సెకండ్ హ్యాండ్ బాడీ, అంటే లెన్సు లేని కెమెరా ఒకటి, దూరాన్ని దగ్గరగా చూపేలా 300 ఎం.ఎం. దాకా వెళ్లే లెన్సు ఒకటి చూసుకోండి. డబ్బులు మిగిలితే లెన్సు మీద పెట్టండి, బాడీ మీద కాదు. దీని గురించి ఇంతకన్నా మాట్లాడితే సాయంత్రం అయిపోతుంది.

వెలుగు గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊరి వెలుగు మన ఊరిదే. ఇక్కడ సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక్కి దిగుతాడు. పొద్దున బీచ్‌లో నీళ్లవైపు తిరిగి తీస్తే ఎదురువెలుగులో మనుషులు, పడవలు, కొంగలు అన్నీ నల్లగా వస్తాయి. వీపు సముద్రానికి పెట్టి కొండవైపు తిరిగారంటే అదే ఎండ పిట్ట మీద తిన్నగా పడుతుంది. సాయంత్రం కథ తిరగబడుతుంది, పైగా కొండలు అడ్డం కాబట్టి పడమటి వెలుగు మనకి తొందరగా పోతుంది. జూన్ మొదట్లో ఐదూ ఇరవైకే తెల్లారిపోతుంది, జనవరిలో ఆరున్నర అవుతుంది. అంటే ఎండాకాలంలో ఏడు దాటితే ఇక లాభం లేదు, చలికాలంలో తొమ్మిది దాకా నింపాదిగా తీసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో గాలిలో తేమ ఎంత ఉంటుందంటే, లక్షలు పోసిన లెన్సుతో తీసినా దూరంగా ఉన్న పిట్ట బూడిదరంగు తెర వెనక ఉన్నట్టే వస్తుంది. అప్పుడు లెన్సును తిట్టుకోకండి, దగ్గరికి వెళ్లండి, లేదా సీతాకోకచిలుకలు తీయండి. వాన వెలిసిన మర్నాడు పొద్దున గాలి శుభ్రంగా ఉంటుంది, ఆరోజు సెలవు పెట్టినా నష్టం లేదు.

కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఉంటుంది కదా, దానికి తెలుపూ తెలియదు, నలుపూ తెలియదు. చూసిన ప్రతిదాన్నీ మధ్యరకం బూడిదరంగు చేయాలని చూస్తుంది. చెరువులో నల్లటి నీళ్ల మీద తెల్లకొంగ నిలబడిందనుకోండి, ఫ్రేములో ఎక్కువ భాగం నలుపే కాబట్టి అది వెలుగు పెంచేస్తుంది, కొంగ ఈకలన్నీ కాలిపోయి తెల్ల కాగితం ముక్కలా వస్తుంది. అక్కడ ఒక స్టాపు, అంటే వెలుగు సగానికి, తగ్గించాలి. అదే కరెంటు తీగ మీద కూర్చున్న ఏట్రింత, తోక చీలిన నల్లపిట్ట, దాని వెనకాల తెల్లటి ఆకాశం ఉంటే ఒకటిన్నర స్టాపు పెంచాలి, లేకపోతే కన్ను కూడా కనపడదు. ఫిలిం రోజుల్లో ఇది తప్పితే రోలు కడిగించాక గానీ తెలిసేది కాదు. రోలుకి ముప్ఫై ఆరు ఫ్రేములు. స్లైడ్ ఫిలిం అయితే మద్రాసు పంపి రెండు వారాలు ఎదురుచూసేవాళ్లం. మీకిప్పుడు వెనకాల తెర ఉంది, వెలుగునీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ ఉంది, ఆ రెండూ చూసుకోకుండా సెకనుకి ఇరవై ఫోటోలు కొట్టుకుంటూ పోతే అవి కూర్చుని ఏరుకోవడానికే జీవితం సరిపోతుంది.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఇంకో బెడద ఫంగస్. తేమకి లెన్సు లోపల సాలెగూడులాంటి తీగలు పట్టేస్తాయి, ఒకసారి అద్దం పైపూతలోకి దిగిందంటే తుడిచినా పోదు. లెన్సును తోలు సంచిలో పెట్టి అటక మీద దాచడం అంటే ఫంగస్‌కి అద్దెకివ్వడమే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో తేమ పీల్చే సిలికా జెల్, డబ్బాలో తేమ కొలిచే చిన్న మీటర్. నలభై నుంచి యాభై శాతం మధ్య ఉంటే చాలు. స్తోమత ఉంటే డ్రై క్యాబినెట్ కొనుక్కోండి. అన్నిటికన్నా మంచి మందు వాడటం. వారానికోసారి వెలుగు చూసే లెన్సుకి ఏ రోగమూ రాదు. బీచ్ నుంచి వచ్చాక తడిబట్టతో బాడీ మీద ఉప్పు తుడవండి.

ఎక్కడ తీయాలి అంటే, కంబాలకొండ ఉంది. 2002లో అభయారణ్యం చేశారు, సుమారు డెబ్భై చదరపు కిలోమీటర్లు, హైవే పక్కనే. అక్కడికి వెళ్లినవాళ్లందరూ చిరుతపులి ఎక్కడా అని అడుగుతారు. అడవిలో అది ఉంది, మీకు కనపడదు, కనపడకపోవడమే మీకూ దానికీ క్షేమం. దాని కోసం చూస్తూ కాళ్ల దగ్గర తూనీగల్ని తొక్కుకుంటూ పోతారు. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి అంత ఎరుపు వచ్చింది, వేల ఏళ్లుగా గాలీ నీరూ చెక్కిన గండ్లు అవి, అక్కడ పొద్దుటి ఏటవాలు ఎండలో గానీ ఆ మడతలు తెలియవు, మధ్యాహ్నం తీస్తే ఉత్త ఎర్రనేల. సినిమా పాటలకి పనికొస్తుందని జనం అనుకుంటారు, వానాకాలానికి ముందూ తర్వాతా ఒకే గండిని తీసి చూడండి, అంచు ఎంత కరిగిందో మీకే తెలుస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం కొండకర్ల ఆవ. అచ్యుతాపురం దగ్గరి సరస్సు. అక్కడ రెండు తాటిమానులు తొలిచి పక్కపక్కన కట్టిన దోనెలు ఉంటాయి, అందులో కూర్చుంటే మీ కళ్లు నీటికి రెండు అడుగుల ఎత్తున ఉంటాయి. నీటిపిట్ట ఫోటోకి ఇంతకన్నా మంచి చోటు లేదు. గట్టు మీంచి తీస్తే పిట్ట వీపు వస్తుంది, దోనెలోంచి తీస్తే ముఖం వస్తుంది. దోనె ఊగుతుంది కాబట్టి ట్రైపాడ్ పెట్టి లాభం లేదు, షట్టర్ స్పీడ్ వెయ్యికి, అంటే సెకనులో వెయ్యో వంతుకి, తగ్గకుండా చూసుకోండి. దోనె నడిపే ఆయన మాట వినండి, ఏ పిట్ట ఏ తామరాకుల దగ్గర తిరుగుతుందో ఆయనకి తెలిసినంత మీకూ నాకూ తెలియదు. పిట్టవైపు తిన్నగా వెళ్లొద్దని చెప్పండి, పక్కనుంచి పోతున్నట్టు పోవాలి, మధ్యలో ఆగాలి. పిట్ట మేయడం ఆపి మెడ ఎత్తిందంటే మనం ఎక్కువ దగ్గరికి వచ్చేశామని. అక్కడే ఆగిపోండి. అది మళ్లీ మేత మొదలుపెడితే మిమ్మల్ని ఒప్పుకున్నట్టు.

గూళ్ల దగ్గర మాత్రం నేను కోపంగా మాట్లాడతాను, ఏమనుకోకండి. గూడు సరిగ్గా కనపడటం లేదని చుట్టూ కొమ్మలు విరిచేవాళ్లని చూశాను. ఆ కొమ్మలు ఉన్నవే ఎండ తగలకుండా, కాకి చూడకుండా. మీరు ఫోటో తీసుకుని వెళ్లిన పది నిమిషాలకి కాకి వస్తుంది. పైగా ఫోన్లో పిట్ట కూత వినిపించి మగపిట్టని రప్పించడం ఒకటి కొత్తగా వచ్చింది. జత కట్టే కాలంలో తన చోటుకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని అది తిండి మానేసి వెతుక్కుంటుంది. తెల్లారేసరికి దాని శక్తంతా మన ఫోటోకి ఖర్చు. గూళ్ల ఫోటోలు తీసి తీరాలంటే తేలినీలాపురం వెళ్లండి, శ్రీకాకుళం జిల్లాలో, అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి, జనానికి అలవాటు పడ్డాయి, దూరం నుంచే కావాల్సినంత దొరుకుతుంది.

తాబేళ్ల సంగతీ అంతే. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెడతాయి, అటవీ శాఖవాళ్లు వాటిని హేచరీల్లో కాపాడి, ఓ నెలన్నర, రెండు నెలలకి పిల్లలు బయటికొచ్చాక సముద్రంలోకి వదులుతారు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎటువైపు వెలుగు ఎక్కువుంటే అటే నడుస్తుంది. మామూలుగా అది సముద్రం మీది ఆకాశం. మీరు ఫ్లాష్ కొట్టినా, ఫోన్ టార్చ్ వేసినా మీ వైపు వస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి అది, చట్టం సంగతి అలా ఉంచినా, అరచేతిలో పట్టేంత పిల్లతో మనకెందుకు ఆ పంతం. తెల్లవారే దాకా ఆగండి.

ఒక ఊరి మాట కూడా చెప్పాలి. మనది నేవీ ఉన్న ఊరు. డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు, పోర్టు వైపు పొడుగు లెన్సు ఎత్తితే మీరు తీస్తున్నది గరుడపక్షినని ఎవరూ నమ్మరు. నిషేధం బోర్డు ఉన్నచోట సంచిలోంచి తీయనే వద్దు. అడవిలోకైతే అనుమతి తీసుకునే వెళ్లండి.

ఇక తేదీ, చోటు సంగతికి వస్తాను. మన ఊళ్లో కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారని పక్షి శాస్త్రవేత్త ఉండేవారు. ఆయనా, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ట్రెవర్ ప్రైస్ అనే కుర్రవాడూ 1970లలో మన కొండల్లో పిట్టల్ని చూసి రాసుకున్నారు. ఊరపిచ్చుకకి దగ్గరి చుట్టం ట్రీ స్పారో అని ఒకటుంది, మన దేశంలో అది హిమాలయాల వైపూ ఈశాన్యంలోనూ ఉంటుంది, వాటికి అంత దూరంలో, దక్షిణాన మన తూర్పు కనుమల్లో గూళ్లు పెడుతోందని 1973లో వాళ్లిద్దరూ ప్రచురించారు. అబాట్స్ బాబ్లర్ కూడా అలాంటిదే, తూర్పు హిమాలయాల్లో, ఆగ్నేయాసియాలో ఉండే పిట్ట మన విశాఖ కొండల్లో విడిగా ఒక గుంపుగా మిగిలి ఉంది. 1985లో దాన్ని కొత్త ఉపజాతిగా వర్ణించి రిప్లీ, బీలర్ అనే శాస్త్రవేత్తలు కృష్ణరాజు గారి పేరే పెట్టారు. ప్రైస్ తర్వాత షికాగో విశ్వవిద్యాలయంలో పెద్ద ప్రొఫెసర్ అయ్యాడు. వాళ్లు చేసిన పనిలో నాకు నచ్చేది, ఏ పిట్ట ఏ నెలలో ఎక్కడ కనపడిందో ఓపిగ్గా రాసుకోవడం. అది మనందరం చేయగలిగిన పని. ఇప్పుడైతే ఎవరు ఏ పిట్టని ఎక్కడ చూశారో నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్ ఉంది, పాత డైరీల్లోని జాబితాలు కూడా తేదీ, చోటు ఉంటే అందులో ఎక్కించుకోవచ్చు. నా ఫిలిం రోజుల స్లైడ్లు, అట్ట అంచున బాల్ పెన్నుతో రాసినవి, అలాగే ఎక్కిస్తున్నాను.

నేను తొట్లకొండ దారిలో ఒక మలుపు దగ్గర ఏటా వినాయక చవితి వెళ్లిన వారం ఒక ఫోటో తీస్తాను. ఒకే రాయి మీద నిలబడి, ఒకే లెన్సుతో. అందులో చూడముచ్చటగా ఏమీ ఉండదు, కొండా ఆకాశమూ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది కదా, అప్పటికి నెల రోజుల పైచిలుకు ముందు తీసిన ఫోటో ఉంది, తుఫాను తర్వాత తీసినదీ ఉంది. రెండో దాంట్లో కొండ మే నెలలో ఉన్నట్టు గోధుమరంగులో ఉంది. ఏడాది తిరిగేసరికి మళ్లీ పచ్చబడింది, కొండ కోలుకుందని అందరం సంబరపడ్డాం. పాత ఫోటో పక్కన పెట్టి చూస్తే పెద్ద చెట్లున్నచోట లాంటానా తుప్పలూ, పాకుడు తీగలూ ఉన్నాయి. పచ్చగానే ఉంది గానీ అదే పచ్చదనం కాదు. ఇది నేను కళ్లతో రోజూ ఆ దారిన పోతూ కూడా పట్టుకోలేకపోయాను.

ఫైళ్లకి పేరు పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత చోటు, తర్వాత జీవి పేరు రాయండి. కంప్యూటర్ వాటిని వాటంతటవే వరసలో పెడుతుంది. కెమెరాలో గడియారం సరిగ్గా ఉందో లేదో బ్యాటరీ మార్చినప్పుడల్లా చూసుకోండి. రెండు కాపీలు ఉంచండి, రెండూ ఒకే ఇంట్లో వద్దు, ఒకటి చెల్లెలి ఇంట్లోనో స్నేహితుడి దగ్గరో పెట్టండి. ఒక్కచోట మాత్రం ఈ నియమం తిరగేయాలి. అలుగు, అదే పాంగోలిన్, లాంటిది కనపడితే తేదీ, చోటు మీ డైరీలో రాసుకోండి, నెట్‌లో పెట్టకండి, ఫోన్‌తో తీస్తే లొకేషన్ ఆపేయండి. దాని పొలుసుల కోసం వేటాడేవాళ్లు ఫోటోలు మనకన్నా శ్రద్ధగా చూస్తారు.

చివరిగా ఒక పని అప్పజెబుతాను. మీ ఇళ్లలో పాత ఆల్బమ్‌లు ఉంటాయి. కైలాసగిరి మీద మేనత్త పెళ్లయిన కొత్తలో దిగినవి, రుషికొండలో పిల్లలు ఇసుకలో ఆడినవి, సింహాచలం మెట్ల మీద గుండ్లతో దిగినవి. మనుషుల వెనకాల ఏముందో చూడండి. కొండ వాలు, తీరం అంచు, తాటిచెట్లు, చెరువు, అన్నీ అందులో ఉన్నాయి, మీరు ఇన్నాళ్లూ చూడలేదంతే. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఇదే హాల్లో కూర్చుంటాం, అవి పట్టుకురండి. స్కానర్ నేను తెస్తాను, ఒరిజినల్ అక్కడికక్కడే తిరిగిచ్చేస్తాను. ఏ సంవత్సరం తీశారో అమ్మనో నాన్ననో అడిగి, వెనకాల పెన్సిల్‌తో రాసి మరీ తీసుకురండి, పెన్ను వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది.

ఇక ప్రశ్నలుంటే అడగండి.